పదో వంతు కారు

మేము తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు మా హాస్టలు తరఫున సైన్సు ప్రదర్శనకు ఒక పాతకాలం కారు తీసుకువెళ్ళాము. మూడు ఆదివారాలు కూర్చుని చేసిన కారు అది. సబ్బుల అట్టపెట్టె కోసి బాడీ చేశాము. సోడా మూతలతో ముందు దీపాలు పెట్టాము. పాత చెప్పులు గుండ్రంగా కోసి చక్రాలు తగిలించాము. పైన ఎర్ర రంగు పూశాము. హాస్టలంతా వచ్చి చూసి బాగుందన్నారు. వంట మాస్టారైతే తన మనవడికి అలాంటిదే ఒకటి చేసిపెట్టమని అడిగారు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేతగా వచ్చిన మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ కారురా ఇది?" అన్నారు. పాతకాలం కారు అన్నాము. "ఏ కారుకి నమూనా? ఎంతకి ఎంత?" అన్నారు. మా దగ్గర సమాధానం లేదు. బల్ల మీద పెట్టి నెట్టారు. అది రెండు జానలు వెళ్ళి ఎడమకు తిరిగి, బల్ల అంచు దాకా పోయి ఆగింది. "బొమ్మ బాగుంది" అని పక్క బల్ల దగ్గరకు వెళ్ళిపోయారు.

ఆ రోజు మాకు చాలా కష్టమనిపించింది. పక్క బల్లల మీద కొనుక్కొచ్చిన సామానుతో చేసినవి ఉన్నాయి. మాకు డబ్బు లేదు కాబట్టే మాది బొమ్మ అయిందని తిరుగుదారిలో బస్సులో అనుకుంటూ వచ్చాము. అది తప్పు అని తెలియడానికి మాకు మరో సంవత్సరం పట్టింది. మా కారులో లోటు డబ్బు కాదు, కొలత. ఆ సంవత్సరంలో మేము నేర్చుకున్నది ఇప్పుడు ఈ హాస్టల్లో ఉంటున్న తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇందులో చెప్పిన కారును ఎనిమిదో తరగతి పైబడిన వారు ఎవరైనా ఆరు ఆదివారాల్లో చేయవచ్చు.

బొమ్మకు, నమూనాకు తేడా

బొమ్మ చేయడం మన ప్రాంతం పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ముంజలు తిన్న తాటిబుర్రలు రెండింటికి పుల్ల గుచ్చి, పంగల కర్రతో నెట్టుకుంటూ ఊరంతా తిరిగిన వాళ్ళమే మనమంతా. జొన్న బెండు కోసి, చీపురు పుల్లలు గుచ్చి ఎడ్లబండి చేసిన వాళ్ళమే. వాటిని చూస్తే బండి అని తెలుస్తుంది, అంతే. అసలు బండి చక్రం ఎంత ఎత్తు ఉంటుందో వాటిని చూసి ఎవరూ చెప్పలేరు.

నమూనా అలా కాదు. దాన్ని స్కేలు పెట్టి కొలిచి, ఒక అంకెతో గుణిస్తే అసలు వస్తువు కొలత రావాలి. ఆ అంకెనే నిష్పత్తి అంటాము. పదికి ఒకటి అంటే అసలులో పది అంగుళాలు నమూనాలో ఒక అంగుళం. కారులో ప్రతి భాగానికీ ఇదే అంకె వర్తించాలి. ఒక్క దీపానికి తప్పినా కంటికి ఏదో తేడాగా కనిపిస్తుంది. తేడా ఎక్కడుందో చెప్పలేకపోయినా కన్ను పట్టేస్తుంది.

నమూనా ఎంత పని చేయగలదో చూడాలంటే మనం దూరం వెళ్ళనక్కరలేదు. మాచర్ల దగ్గర విజయపురి సౌత్ నుండి లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్ళవచ్చు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం నీళ్ళలో మునిగిపోతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు పురావస్తు శాఖ వారు అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను తరలించి తిరిగి కట్టారు. మరికొన్నింటికి నమూనాలు చేశారు. మునిగిపోయిన లోయకు కూడా చిన్న నమూనా ఒకటి మ్యూజియంలో ఉంది. ఆ లోయలో మనం ఇప్పుడు నడవలేము. కానీ ఏ స్తూపం ఎక్కడ ఉండేదో, ఏటికి ఎంత దూరంలో ఉండేదో ఆ నమూనా చూసి తెలుసుకోగలము. అంచనాగా చేసి ఉంటే అది ఒక అందమైన బొమ్మగా మిగిలిపోయేది. కొలిచి చేశారు కనుక అది సాక్ష్యంగా నిలిచింది.

మాచర్లకు దగ్గర్లోనే దుర్గి ఉంది. అక్కడి రాతి శిల్పులకు కూడా ఈ లెక్క కొత్త కాదు. శిల్పశాస్త్రంలో ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుంటారు. నవతాళం అంటే విగ్రహం ఎత్తు తొమ్మిది ముఖాలంత. జానెడు విగ్రహమైనా, నిలువెత్తు విగ్రహమైనా తాళం మారుతుంది గాని లెక్క మారదు. మనం చేయబోయే కారుకూ అంతే.

ఏ కారు చేయాలి?

పాతకాలం కారు అని ఊరికే అంటే కుదరదని ప్రదర్శనలో తెలిసింది కదా. ఒక కారును ఎంచుకోవాలి. ఇంగ్లీషు వాళ్ళ లెక్కలో 1919 నుండి 1930 వరకు వచ్చిన కార్లను వింటేజ్ అంటారు. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేస్తారు. హైదరాబాదు వెళ్ళిన వారు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం తయారైన 1912 నాటి రోల్స్ రాయిస్ కారును చూడవచ్చు. అది చాలా అందమైనది. కానీ దాని వంపులు, నగిషీలు మొదటిసారి చేసేవారికి కష్టం.

మేము ఎంచుకున్నది ఫోర్డ్ కంపెనీ వారి మోడల్ టి. ఇది 1908లో మొదలై 1927 వరకు తయారైంది. మొత్తం కోటీ యాభై లక్షలకు పైగా కార్లు వచ్చాయి. 1913లో కదిలే పట్టాల మీద కార్లు బిగించే పద్ధతిని ఫోర్డ్ ప్రవేశపెట్టాక, ఒక ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది గంటన్నరకు తగ్గింది. ధర కూడా పడిపోయింది. అప్పటి దాకా ధనవంతులకే పరిమితమైన కారు అమెరికాలో రైతుకూ, కార్మికుడికీ అందింది.

దీన్ని ఎంచుకోవడానికి మాకు మూడు కారణాలు. మొదటిది, బాడీలో చాలా భాగం చదునైన పలకలే కాబట్టి అట్టతో, రేకుతో చేయవచ్చు. రెండోది, దాని చక్రాలకు మన ఎడ్లబండికి ఉన్నట్టే కర్ర ఆకులు ఉంటాయి, చక్రానికి పన్నెండు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. దాని కొలతలు పదో వంతుకు చక్కగా వస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కారుతో పాటు సంవత్సరం కూడా ఎంచుకోవాలి. 1916 దాకా వచ్చిన వాటికి ముందు రేడియేటరు ఇత్తడిది. తరువాత నల్ల రేకుది. 1914 నుండి 1925 వరకు ఈ కార్లన్నీ నలుపు రంగులోనే వచ్చాయి. మేము మొదట పూసిన ఎర్ర రంగు ఆ పన్నెండేళ్ళలో ఫ్యాక్టరీ నుండి రాలేదన్న మాట. మేము 1915 నాటి టాపు కారును ఎంచుకున్నాము. అంటే ఇత్తడి రేడియేటరు, నల్ల రంగు, మడిచే గుడ్డ టాపు. స్టీరింగు కుడివైపు పెట్టాము. అమెరికాలో ఈ కారు స్టీరింగు ఎడమవైపు ఉండేది గాని, బ్రిటిష్ వలస దేశాలకు కెనడా నుండి కుడి స్టీరింగు కార్లు పంపేవారు.

కొలతలు

అసలు కారు కొలతలు అంగుళాల్లో ఉంటాయి. పదితో భాగిస్తే మన కారు కొలతలు వస్తాయి.

ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం 100 అంగుళాలు. మనకు 10 అంగుళాలు, అంటే 25.4 సెంటీమీటర్లు.
ఎడమ చక్రానికి, కుడి చక్రానికి మధ్య దూరం 56 అంగుళాలు. మనకు 5.6 అంగుళాలు, అంటే 14.2 సెంటీమీటర్లు.
టైరుతో కలిపి చక్రం ఎత్తు 30 అంగుళాలు. మనకు 3 అంగుళాలు, అంటే 7.6 సెంటీమీటర్లు.
మొత్తం పొడవు సుమారు 134 అంగుళాలు. మనకు 13.4 అంగుళాలు, అంటే 34 సెంటీమీటర్లు.

మిగిలిన భాగాల కొలతలు ఎక్కడి నుండి తేవాలి? దీనికి ఒక ఉపాయం ఉంది. కారును సరిగ్గా పక్క నుండి తీసిన ఫోటో ఒకటి సంపాదించి ప్రింటు తీయించుకోవాలి. ఫోటోలో ఇరుసుల మధ్య దూరం కొలవాలి. అది 8 సెంటీమీటర్లు ఉందనుకుందాం. మన కారులో అదే దూరం 25.4. కాబట్టి 25.4ను 8తో భాగిస్తే 3.175. ఇక ఫోటోలో ఏది కొలిచినా 3.175తో గుణిస్తే మన కారు కొలత వచ్చేస్తుంది. ఫోటోలో దీపం 0.7 సెంటీమీటర్లు ఉంటే మన దీపం 2.2 సెంటీమీటర్లు.

ఫోటో సరైనదో కాదో కూడా ఇలాగే చూసుకోవచ్చు. ఈ ఫోటోలో చక్రం 2.4 సెంటీమీటర్లు ఉండాలి. ముందు చక్రం 2.4 ఉండి వెనకది 2.1 ఉంటే ఫోటో ఏటవాలుగా తీశారని అర్థం. దాన్ని పక్కన పెట్టేయాలి.

మా మొదటి కారులో తప్పు ఇప్పుడు లెక్కకు దొరికింది. సోడా మూత వెడల్పు 3.2 సెంటీమీటర్లు. పదో వంతు కారు మీద పెడితే అసలు కారుకు 32 సెంటీమీటర్ల దీపం పెట్టినట్టు. అసలు దీపం తొమ్మిది అంగుళాల లోపే. మేము కారుకు డప్పులు కట్టాము. టూత్‌పేస్టు మూతల్లో 2.2 సెంటీమీటర్లవి వెతికితే దొరికాయి.

కావలసిన సామాను

అరిగిపోయిన హవాయి చెప్పులు ఒక జత. బోరు గొట్టాలకు వాడే 63 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు ముక్క జానెడు. పాత సైకిలు చువ్వలు రెండు. ఖాళీ రీఫిళ్ళు. పాడైన నల్ల గొడుగు. నోటుపుస్తకాల గట్టి అట్టలు. నూనె డబ్బా రేకు. వెదురు తడక బద్దలు. కోటు గుండీలు ఎనిమిది. జొన్న బెండు. చింతగింజలు, రంపపు పొట్టు, పాత పేపర్లు, మైదా. కొనవలసినవి ఫెవికాల్, ఉప్పు కాగితం, చిన్న డబ్బా నల్ల ఎనామిల్, కాస్త బంగారు రంగు. హాక్సా బ్లేడు, కత్తెర ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు. స్కేలు, కాంపాసు మీ జామెట్రీ పెట్టెలోనే ఉన్నాయి.

చట్రం

గట్టి అట్టలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి అంటించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచితే పలకలా గట్టిపడుతుంది. మా బరువు ట్రంకు పెట్టెలు. దాని అడుగున ముందు ఒకటి, వెనక ఒకటి ఖాళీ రీఫిల్ ముక్కలు అడ్డంగా అంటించాలి. వాటిలో సైకిలు చువ్వ దూర్చితే అదే ఇరుసు. చువ్వ రీఫిల్‌లో సులువుగా తిరగాలి. బిగుతుగా ఉంటే లావు రీఫిల్ వెతుక్కోవాలి గాని బలవంతంగా దూర్చకూడదు. మోడల్ టికి ముందొకటి, వెనకొకటి అడ్డంగా విల్లులా వంగిన కమాను పట్టీలు ఉంటాయి. పుస్తకాల పార్సిళ్ళకు కట్టే ప్లాస్టిక్ పట్టీని పొడవు తగ్గించుకుంటూ నాలుగు ముక్కలు కోసి పేర్చితే అచ్చం అలాగే కనిపిస్తుంది.

మా రెండో కారు చట్రం ఇలాగే చేశాము. అయినా అది కూడా ఎడమకే పోయింది. చక్రాలు మార్చాము, చువ్వలు మార్చాము, లాభం లేదు. ఆ ఆదివారం మాలో ఒకడి నాన్న వాడిని చూడటానికి వచ్చారు. ఆయన తాపీ పని చేస్తారు. పని దగ్గర నుండి నేరుగా వచ్చినట్టున్నారు, చొక్కా నిండా సిమెంటు మరకలు. మావాడు ఆయనతో గేటు దగ్గరే నాలుగు మాటలు మాట్లాడి పంపించేయాలని చూశాడు. మా అందరి ముందుకు ఆయన ఆ చొక్కాతో రావడం వాడికి ఇష్టం లేదు. కానీ ఆయన వరండాలో మా చుట్టూ ఉన్న చెత్త చూసి దగ్గరకు వచ్చి కూర్చున్నారు.

కారును నేల మీద ఒకసారి నెట్టి చూసి, "ఏందిరా అబ్బాయిలూ, మూల పోయింది దీనికి" అన్నారు. మాకు అర్థం కాలేదు. జేబులో నుండి దారం ఉండ తీశారు. ముందు ఎడమ చక్రం నుండి వెనక కుడి చక్రానికి దారం పట్టి ముడి వేశారు. అదే దారాన్ని ముందు కుడి నుండి వెనక ఎడమకు పట్టారు. ముడి రెండు మిల్లీమీటర్లు అవతలకు పోయింది. "ఐమూలలు రెండూ సమానం కావాల. పునాది తీసేటప్పుడు మేం చూసేది ఇదే. ఒక వైపు మూడు, ఒక వైపు నాలుగు పెట్టుకుంటే ఐమూలకు ఐదు రావాల. రాకపోతే గోడ కట్టినా ఇల్లు వంకరే" అన్నారు.

అది పైథాగరస్ సిద్ధాంతం. దాన్ని మేము అప్పటికే మార్కుల కోసం చదివి ఉన్నాము. ఆయన రోజూ దాని మీద ఇళ్ళు నిలబెడుతున్నారు. మేము లెక్క వేసి చూశాము. 25.4కు 14.2కు ఐమూల 29.1 సెంటీమీటర్లు రావాలి. ఒక వైపు సరిపోయింది, రెండో వైపు తప్పింది. వెనక రీఫిల్‌ను ఊడదీసి, ఆయన చూస్తుండగానే సరిచేసి అంటించాము. ఆయన వెళ్ళేటప్పుడు మావాడు గేటు దాకా కాదు, బస్టాండు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాడు. ఆ తరువాత వాడి నాన్న ఏం చేస్తారని ఎవరడిగినా "తాపీ మేస్త్రీ" అని చెప్పేవాడు.

చక్రాలు

పి.వి.సి. పైపును హాక్సాతో 8 మిల్లీమీటర్ల వెడల్పున నాలుగు రింగులుగా కోయాలి. కోసే చోట పైపు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, దాని అంచు వెంట గీత గీసుకుంటే కోత వంకర పోదు. అసలు ముందు చక్రం రిమ్ము 24 అంగుళాలు, అంటే మనకు 61 మిల్లీమీటర్లు. మన పైపు 63. చాలా దగ్గర. వెనక రిమ్ము అసలు కారుకు ఇంకో అంగుళం తక్కువ ఉంటుంది, టైరు కాస్త లావు. మేము నాలుగూ ఒకేలా చేశాము. ఇలాంటి రాజీ అప్పుడప్పుడు తప్పదు. అయితే ఎక్కడ రాజీ పడ్డామో మనకు తెలిసి ఉండాలి.

చెప్పు మీద 76 మిల్లీమీటర్ల వృత్తం, దాని లోపల 62 మిల్లీమీటర్ల వృత్తం గీసి కోస్తే టైరు వస్తుంది. రిమ్ము మీద బిగుతుగా కూర్చుంటుంది. కొత్త చెప్పు మందం ఎక్కువ. అరిగిన చెప్పు సరిగ్గా టైరు వెడల్పుకు వస్తుంది. ఒక చెప్పుకు రెండు టైర్లు, జతకు నాలుగు.

పన్నెండు ఆకులు అమర్చడానికి కాగితం మీద వృత్తం గీసి, అదే వ్యాసార్ధంతో కాంపాసును చుట్టూ నడిపిస్తే ఆరు బిందువులు వస్తాయి. ఒక్కో భాగాన్ని సగం చేస్తే పన్నెండు. ప్రతి కోణం 30 డిగ్రీలు. ఆ కాగితం మీద రింగు పెట్టి, గీతల వెంట మూడు మిల్లీమీటర్ల మందాన చీల్చిన వెదురు పుల్లలు పేర్చాలి. నలభై ఎనిమిది పుల్లలనూ కట్టగా కట్టి ఒకేసారి కోస్తే అన్నీ ఒకే పొడవు వస్తాయి. మధ్యలో పైన ఒక గుండీ, కింద ఒక గుండీ పెట్టి జిగురుతో బిగించాలి. గుండీల రంధ్రాలు సరిగ్గా నడిమధ్యలో ఉండవు కనుక, చువ్వ మొనను వేడిచేసి మధ్యలో కొత్త రంధ్రం చేసుకోవాలి. ఈ పని పెద్దవారి సాయంతో, ఆరుబయట చేయండి.

బాడీ, మడ్‌గార్డులు, టాపు

పక్క పలకలు రెండూ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి పెట్టి కోయాలి. వేరువేరుగా కోస్తే ఎంత జాగ్రత్త పడినా తేడా వస్తుంది. ఇంజను మూత నూనె డబ్బా రేకుతో చేయాలి. రేకు అంచులు చేతులు కోస్తాయి. కోయగానే అంచును ఉప్పు కాగితంతో రుద్దేయాలి. సీట్లకు జొన్న బెండు తగినట్టు చెక్కి పైన పాత సంచి రెక్సిన్ అంటించాము. ముందు అద్దానికి చొక్కాల పెట్టె మీద వచ్చే పలుచని ప్లాస్టిక్ సరిపోతుంది.

మడ్‌గార్డుల వంపు కోసం స్టీలు గ్లాసుకు నూనె రాసి, మైదా జిగురుతో పేపరు ముక్కలు ఏడు పొరలు అంటించాలి. ఒక్కో పొర ఆరాకే తరువాతిది. ఊడదీసి కొలత ప్రకారం కోసుకోవాలి. అతుకుల దగ్గర సందులు వస్తాయి. వాటిని పూడ్చడానికి మేము కొండపల్లి బొమ్మల పద్ధతి వాడాము. అక్కడి కళాకారులు తెల్లపొణికి కర్రతో చేసిన భాగాలను అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బుకుంటే చాలు. ఆరాక రాయిలా ఉంటుంది, ఉప్పు కాగితానికి లొంగుతుంది.

టాపుకు గొడుగు గుడ్డ, దాని లోపలి కమ్మీలకు గొడుగు ఊచలు. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టేవారిని చూసిన వారికి ఈ పని తేలిక. ముందు ఎముకలు సరిగ్గా నిలబెట్టాలి, గుడ్డ తరువాత. గుడ్డతో వంకర దాచాలని చూస్తే దాగదు.

రంగు

కాగితం, అట్ట భాగాలకు ముందుగా సున్నపు పూత. కొండపల్లిలోనూ రంగుకు ముందు సున్నమే పూస్తారు. సున్నానికి మనకు కొరతా? పిడుగురాళ్ళ పక్కనే ఉంది. అయితే తడిపి చల్లారిన సున్నమే వాడాలి. రాతి సున్నాన్ని మీరు తడపవద్దు, కళ్ళకు ప్రమాదం. కాస్త జిగురు కలిపి పలుచగా పూసి, రెండు రోజులు ఆరబెట్టి, ఉప్పు కాగితంతో నునుపు చేయాలి. తరువాత నల్ల ఎనామిల్ పలుచగా రెండు పూతలు. ఒకే మందపాటి పూత వేస్తే కారి చారలు పడుతుంది. రేడియేటరుకు, దీపాల అంచులకు బంగారు రంగు. మీ ఇష్టం వచ్చిన రంగు వేసుకోవాలంటే వేసుకోండి. అప్పుడది మీ సొంత డిజైను అని చెప్పండి, 1915 కారు అని చెప్పకండి.

అన్నీ చిన్నవి కావు

పని పూర్తయ్యాక మాకు ఒక అనుమానం వచ్చింది. అసలు కారు బరువు దాదాపు 540 కిలోలు. మనది పదో వంతు కాబట్టి 54 కిలోలు ఉండాలి కదా? వంటగది త్రాసులో పెడితే అరకిలో కూడా లేదు. పొడవు పదో వంతు, వెడల్పు పదో వంతు, ఎత్తు పదో వంతు. మూడూ కలిస్తే వెయ్యో వంతు. అసలు సామానుతోనే చేస్తే 540 గ్రాములు తూగాలి. మరో సంగతి. బాడీ రేకు ఒక మిల్లీమీటరు మందం అనుకుంటే పదో వంతు నోటుపుస్తకం కాగితమంత. దానితో కారు నిలబడదు. కాబట్టి కంటికి కనిపించే కొలతలు నిష్పత్తి ప్రకారం, కనిపించని మందాలు బలం ప్రకారం పెట్టుకోవాలి. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోయడానికి, ఏనుగుకు స్తంభాల్లాంటి కాళ్ళు ఉండటానికి కారణం కూడా ఈ లెక్కే.

నిష్పత్తి చిన్నదిగా చేయడానికే కాదు, పెద్దదిగా చేయడానికీ పనికొస్తుంది. హైదరాబాదులో జూపార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది. దాన్ని నెలకొల్పిన సుధాకర్ గారు పాత ఇనుము, పనికిరాని విడిభాగాలతో వంకాయ, బర్గర్, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే కార్లు తయారు చేశారు. 2005లో 41 అడుగులు దాటిన ఎత్తున మూడు చక్రాల సైకిలు చేసి తొక్కి గిన్నిస్ రికార్డు సాధించారు. 1922 నాటి ఫోర్డ్ టూరర్ కారుకు 26 అడుగుల ఎత్తున నమూనా కూడా నిర్మించారు. అసలు కారు టాపుతో కలిపి ఏడడుగులు అనుకుంటే మూడున్నర రెట్లు దాటింది. మనం భాగించిన చోట ఆయన గుణించారు. సామాను మాత్రం ఆయనదీ పాతదే, మనదీ పాతదే.

చివరగా

రెండో కారును మళ్ళీ ప్రదర్శనకు తీసుకువెళ్ళే అవకాశం మాకు రాలేదు. పదో తరగతి పరీక్షలు వచ్చేశాయి. హాస్టలు వరండాలో ఈ చివర నుండి నెట్టాము. అది నిటారుగా వెళ్ళి ఆ చివర గోడకు తగిలి ఆగింది. స్టడీ అవర్లో కూర్చున్న వాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు. మాలో ఒకడు, "ఎంతకి ఎంత?" అని ఆ మాస్టారి గొంతుతో అడిగాడు. అందరం ఒకేసారి "పదికి ఒకటి!" అని అరిచాము. వార్డెన్ గారు వచ్చి కోప్పడ్డారు.

తమ్ముళ్ళారా! ఎన్నో సామాన్లు మన దగ్గర లేవు, నిజమే. కానీ కొలిచే పనికి కావలసినవి స్కేలు, దారం, ఓపిక. ఆ విద్య మన ఇళ్ళలో ఉంది. తాపీ పట్టిన నాన్న దగ్గర, బుట్టలల్లే అమ్మ దగ్గర, బండికి చక్రం చేసే పెదనాన్న దగ్గర ఉంది. వాళ్ళు దాన్ని పుస్తకంలో పేరుతో పిలవరు, అంతే. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ కారు చట్రం తీసుకెళ్ళి వాళ్ళకు చూపించండి. మూల సరిగా ఉందో లేదో వాళ్ళే చెబుతారు.

ఇక కారు పూర్తయ్యాక మరచిపోకుండా చేయవలసిన పని ఒకటుంది. దాన్ని తిరగేసి, అడుగున ఈ మూడు సంగతులు రాయండి: ఏ కారు, ఏ సంవత్సరం, ఎంతకి ఎంత. రేపు ఎవరైనా చేతిలోకి తీసుకుని అడిగితే, మీరు పక్కన లేకపోయినా అది సమాధానం చెబుతుంది.